చారలు లేని రెండో పలక

కోదండరాం పేరులో విల్లుంది గాని, బాణాలన్నీ ఆయన నోట్లో ఉండేవి. నోరు తెరిస్తే పళ్ళకన్నా ముందు శ్లేషలు కనపడేవి. చెన్నైలో గిండీ వైపు తాను పనిచేసే పరిశోధన సంస్థను ‘అవస్థ’ అనేవాడు. దాని డైరెక్టరు వెంకట్రామ్ ఏ ఫైలునూ తిన్నగా పోనివ్వడు గనక ‘ఇన్‌డైరెక్టరు’ అనేవాడు. ఆ ఇన్‌డైరెక్టరు ఎవరో కాదు, భార్య అలివేలుమంగకు సొంత అన్న. ఇంట్లో బావ, ఆఫీసులో బాస్, రెండు చోట్లా బాధ.

ఇలా ఏళ్ళ తరబడి నవ్వించగా నవ్వించగా, చివరికి ఆయన ‘ఆకలేస్తోంది’ అన్నా జనం ఒక్క క్షణం ఆగి, ఇందులో చమత్కారం ఎక్కడ దాగుందా అని వెతికేవారు. దొరక్కపోయినా నవ్వేవారు. అది తన ప్రతిభ అనుకునేవాడాయన.

సంస్థ కింది అంతస్తు చివర, కిటికీల్లేని గదిలో ఆయనకు ఇంకో సంసారం ఉండేది. మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగేంత పెట్టె. లోపల గాలి లేదు. బయట నికెల్ కలిపిన రేకు పొరలు పొరలుగా తొడిగి ఉంటుంది. భూమికున్న అయస్కాంతశక్తి కూడా లోపలికి చొరబడకుండా ఆ రేకు కవచంలా కాస్తుంది. లోపల పరుగెత్తేవి మరీ సుకుమారమైనవి, అయస్కాంతం గాలి సోకితే దారి తప్పుతాయి. అందుకని ఆ గదిలోకి ఎవరెళ్ళినా తాళంచెవులు, ఫోన్లు గుమ్మం దగ్గరి ట్రేలో పెట్టి వెళ్ళాలి.

లోపల పరుగెత్తేవి పాజిట్రాన్లు. పాజిట్రాన్ అంటే ఎలక్ట్రాన్‌కు అద్దంలో బొమ్మ లాంటిది. బరువు అదే, విద్యుదావేశం మాత్రం తిరగబడింది. ఎలక్ట్రాన్‌ది ఋణం, దీనిది ధనం. “మా గదిలో ధనమంటూ ఉంటే అదొక్కటే” అనేవాడు కోదండరాం. ఈ రెండూ ఎదురుపడితే రెండూ మటుమాయమై కాస్త వెలుగు మిగులుతుంది. “నేనూ మా బావా ఎదురుపడితే ఆ వెలుగూ మిగల్దు” అని దానికి తోక తగిలించేవాడు.

మామూలు కణాలు ప్రయాణంలో అలల్లా నడుచుకుంటాయని పుస్తకాలకెక్కి చాలా కాలమైంది. ఈ తలకిందుల కణం కూడా అల అవుతుందని బయటి దేశాల్లో ఒకరిద్దరు చూశారు. ఇక్కడ, తన చేత్తో బిగించిన పెట్టెలో చూడాలని కోదండరాం పంతం. పెట్టెకు ఒక కొసన రేడియోధార్మిక సోడియం ముక్క. అందులోంచి పాజిట్రాన్లు ఒక్కొక్కటే బయల్దేరి, కంటికి ఆనని సన్నని చీలికలున్న రెండు జల్లెళ్ళు దాటి, ఆ కొసనున్న గాజు పలక మీద పడతాయి. పలక మీద ఫోటో ఫిల్ముకు పూసేలాంటి పూత. పడ్డచోటల్లా ఒక చుక్క. ఒకటి పడ్డాకే ఇంకొకటి బయల్దేరేది. దీపావళి ముందు రంగనాథన్ వీధిలోలాగా తోపులాట ఉండదు. ఇలా ఒంటిగా వచ్చిన చుక్కలు కూడబలుక్కున్నట్టు చారలు చారలుగా పేరుకున్నాయంటే, ఒక్కో కణమూ అలలాగా అన్ని చీలికల్లోంచీ ఒకేసారి వచ్చిందన్నమాట.

ఇందులో ఒక తిరకాసుంది. జల్లెళ్ళలోంచి ఇసుక పోసినా కింద చారలు పడొచ్చు. అది వట్టి నీడ. నీడో అలో తేలాలంటే రెండో పలక కావాలి. కణాల వేగం మార్చి, ఆ పలక మీద పడనివ్వాలి. నీడకు వేగంతో నిమిత్తం లేదు, చారలు మళ్ళీ పడతాయి. అలైతే చారలు చెదిరిపోయి పలక బోసిగా మిగులుతుంది. మొదటి పలకలో రావాలి, రెండో పలకలో పోవాలి. అసలు రుజువు ఆ పోవడంలోనే ఉంది.

ఈ రావడానికీ పోవడానికీ ఎదురుచూసే ఇంకో ప్రాణి ధన్య. చెన్నై ఉత్తరాన ఉన్న మనలి పిల్ల. తండ్రికి రిఫైనరీలో కాంట్రాక్టు పని. ఇంట్లో అమ్మానాన్నలతో తెలుగు, మిగతా లోకంతో తమిళం. డాక్టరేటు కోసం చేరినప్పుడు కళ్ళద్దాలు లేవు, ఇప్పుడున్నాయి. ఫెలోషిప్ అయిపోయింది. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు డిసెంబరు. ఫలితం వస్తే థీసిస్, రాకపోతే ఇన్నేళ్ళూ నీళ్ళపాలు.

“సార్, ఈసారీ రాకపోతే?” అని అడిగింది ఒకరోజు.

“చారలొస్తే ప్రచారం, చెడితే విచారం. మధ్యలో మనది గ్రహచారం.”

“సార్, సీరియస్‌గా అడుగుతా ఉండా.”

“నేనూ సీరియస్‌గానే చెప్తా ఉండానమ్మా. నా సీరియస్సు ఇంతే.”

నిజానికి ఆయనకూ భయంగానే ఉంది. సోడియం ముక్కకు అర్ధాయువని ఒకటుంటుంది. రెండేళ్ళు దాటి కొన్ని నెలలకల్లా దాని సత్తువ సగమైపోతుంది, ఆ సగంలో మళ్ళీ సగం. కొత్త ముక్క కోసం పెట్టిన అర్జీ బావగారి బల్ల మీద తన అర్ధాయువు తాను అనుభవిస్తోంది. పలకలా, సరిగ్గా రెండే మిగిలాయి. వచ్చే ఏడు ఈపాటికి ఆ గది కిందే మెట్రో సొరంగం తవ్వుతారట. ఆ తరువాత ఆ గదిలో చారలు కాదు గదా, చారు కూడా నిలకడగా ఉండదు.

ఎందుకంటే అలలు అలిగే జాతి. నేల వెంట్రుకవాసి అదిరినా చారలు అలుక్కుపోతాయి. పక్కనే వర్కుషాపులో లేతు మెషిను, పైన లిఫ్టు, వెనక నీళ్ళ మోటారు. ఇన్నేళ్ళూ చారలు రాకపోవడానికి కారణం ఈ అదురే. చెన్నైలో యంత్రాలన్నీ నోరు మూసుకునే రోజు ఏదీ అని కోదండరాం తిట్టుకుంటూ తిట్టుకుంటూ ఉండగా, ఉన్నట్టుండి వెలిగింది. ఆయుధ పూజ!

ఆ రోజు ఊళ్ళో ఏ పనిముట్టూ పనిచెయ్యదు. లేతుకు గంధం, డ్రిల్లుకు కుంకుమ, లిఫ్టు తలుపుకు అరటి పిలకలు. చందనం పూసుకున్న యంత్రం మరునాడు విజయదశమి పూజ దాకా కదలకూడదు. ఆ ఏడు శని, ఆదివారాల పక్కనే పండగ వచ్చింది. నాలుగు రోజుల నిశ్శబ్దం. శని, ఆదివారాలు మొదటి పలకకు. సోమ, మంగళవారాలు రెండోదానికి. ఆచారం ఇన్నాళ్ళకు చారలకు అక్కరకొస్తోందని కోదండరాం అందరికీ చెప్పుకుని తిరిగాడు.

శుక్రవారం పొద్దున వెంకట్రామ్ పిలిపించాడు. జార్జి టౌన్‌లో కర్పూరం, కుంకుమ హోల్‌సేల్ వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు. ఫిజిక్సు చదివాడు గాని గల్లాపెట్టె ముందు కూచునే తీరు పోలేదు.

“బావా, ఈసారి పూజ నీ ల్యాబులోనే గ్రాండ్‌గా చేస్తాం. పెట్టెకు పెద్ద మాల, ముందర గుమ్మడికాయ.”

“గుమ్మడికాయ కొడితే నా చారలు పగుల్తాయి బావా. కావాలంటే నా తలకాయ కొట్టు, లోపల ఖాళీనే, చప్పుడు తక్కువ.”

“ఈ నోరు చూడు! సరి, గేటు బయట కొట్టుకుంటాం. నీ పెట్టెను ఎవడూ ముట్టుకోడు, పోనీ. కానీ ఈసారి రిజల్టు రావాల. ఢిల్లీ వాళ్ళకు నేనేం చూపించేది? నీ జోకులా?”

సాయంత్రం తొండియార్‌పేట ఇంట్లో ఇంకో విచారణ. అలివేలుమంగ కార్పొరేషన్ స్కూల్లో లెక్కల టీచరు. లెక్కంటే లెక్కే ఆవిడకు. ఆయుధ పూజకు మిక్సీ, గ్రైండరు, స్కూటరు, కత్తిపీట, ఆయన పాత సోల్డరింగ్ కడ్డీ, అన్నిటికీ బొట్టు పడేది. ఫ్రిజ్జుకైతే జార్జి టౌన్‌లో కొన్న ప్లాస్టిక్ మామిడాకుల తోరణం. దానికి మేకు అక్కర్లేదు, తాడు అక్కర్లేదు, ఆనిస్తే అతుక్కుంటుంది.

“ఎన్నేళ్ళుగా ఆ పెట్టెతో కాపురం చేస్తా ఉండారు. దానికొక్కదానికే ఏమీ లేదు పాపం. ఏంటికి పెట్టకూడదు బొట్టు?”

“కుంకుమ పెడితే పాజిట్రాన్లు ముత్తైదువులై తాంబూలం అడుగుతాయి.”

“చందనం?”

“చల్లబడి నిద్దర పోతాయి.”

“కర్పూరం?”

“మీ పుట్టింటి సరుకు. పేరు చెప్తేనే మండుతాయి.”

“అది కాదండీ. నిజంగా ఏమేమి పడదు దానికి? పొడి పడదా, పొగ పడదా, తడి పడదా?”

“నాకు పడనివన్నీ దానికీ పడవు. ముందు మీ అన్న పడడు.”

అంతకు ముందోసారి ల్యాబుకు వచ్చినప్పుడు, గుమ్మం దగ్గరి ట్రేలో తాళంచెవులు ఎందుకు పెట్టాలని కూడా ఆవిడ అడిగింది. “అది మా హుండీ. భక్తులు సమర్పించుకోవాల” అన్నాడు. ఆవిడ నవ్వి సమర్పించింది.

లెక్కల టీచరు గనక దొరికిన జవాబుల్లోంచే లెక్క చేసుకుంది. పొడి, పొగ, తడి. ఈ మూడూ లేనిదైతే సరి.

శని, ఆదివారాలు గడిచాయి. భవనమంతా గర్భగుడిలోలా, ఎవరి ఊపిరి వారికి వినిపించేంత నిశ్శబ్దం. ఆదివారం రాత్రి మొదటి పలక తీసి నల్ల డబ్బాలో దాచారు. వేగం మార్చారు. రెండో పలక పెట్టారు. సోమవారం మధ్యాహ్నం పూజకని కోదండరాం ఇంటికొచ్చాడు, ధన్య ఒక్కతే కాపలా. పాయసం, వడ, పులిహోర అన్నీ కొట్టాక ఆయనకు నిద్ర ముంచుకొచ్చింది.

“ఆ పిల్ల ఆడ ఒంటిగా ఉండాదే. శెనగల సుండల్ ఇచ్చేసి వస్తా” అంది అలివేలుమంగ.

“పో తల్లీ. అన్నపూర్ణవు, నికెల్ పెట్టెను కూడా పలకరించి రా” అన్నాడు కళ్ళు మూసుకునే.

సాయంత్రం మంచినీళ్ళకు లేచినప్పుడు ఫ్రిజ్జు తలుపు బోసిగా కనిపించింది. కనిపించింది గాని, ఆయన చూడలేదు. మరునాడు విజయదశమి. పూజ కాగానే ఆవిడ పాయసం గిన్నెతో మళ్ళీ ల్యాబుకు వెళ్ళొచ్చింది. పరాయి పిల్ల మీద ఎంత ప్రేమో అనుకున్నాడు. ఆ రాత్రి రెండో పలక కూడా డబ్బాలోకి చేరింది.

బుధవారం డార్క్‌రూములో పలకలు కడిగారు. సూక్ష్మదర్శిని కింద ఒక్కో చుక్కనూ లెక్కపెట్టి కంప్యూటరు తెర మీద చూపిస్తుంది. మొదటి పలక. తెర మీద చుక్కలు ఒక్కొక్కటే పొడిచాయి, చాలాసేపు తెల్లారని ఆకాశంలాగా. తరువాత నెమ్మదిగా, దువ్విన తలలో పాపిళ్ళలాగా, వెలుగు చార, చీకటి చార, వెలుగు చార.

ఇది సగమే. ఇసుకకైనా ఇంతపాటి వస్తుంది.

రెండో పలక. చుక్కలు పొడిచాయి. ఇంకా పొడిచాయి. ఎక్కడా వరస లేదు. జల్లిన ఆవాల్లా అంతటా సమానం.

“సార్, ఒన్నుమే ఇల్ల సార్! ఏమీ లేదు సార్!” అని ధన్య కుర్చీలోంచి ఎగిరింది. ఏమీ లేదని ఏడ్చేవాళ్ళు లోకం నిండా ఉన్నారు. ఏమీ లేదని సంతోషంతో ఏడ్చింది ఆ రోజు ఆ పిల్ల ఒక్కతే. అది నీడ కాదు. అలే.

కోదండరాం ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాడు.

వార్త వెంకట్రామ్‌కు అందింది. పేపరు రాయడం తరువాత, ముందు పేపరువాళ్ళు రావాలన్నాడు. దీపావళికి ముందు వారం ఒక సాయంత్రం ల్యాబులో సభ. టీవీ వాళ్ళు, పత్రికల వాళ్ళు, సంస్థ మనుషులు. ఎవరి ఫోను ఎవరు అడుగుతారని గుమ్మం దగ్గరి ట్రేలో ఆ రోజు రోజా పూలు పోశారు. ధన్య తండ్రి మనలి నుంచి ఇస్త్రీ చొక్కాలో వచ్చి, గోడకు ఆనకుండా నిలబడ్డాడు, గోడ మాసిపోతుందేమోనని.

అలివేలుమంగ పట్టుచీరలో వచ్చింది. “ఒక్క నిమిషం ఉండండప్పా” అని కెమెరాల వాళ్ళను ఆపి, సంచిలోంచి మామిడాకుల తోరణం తీసింది. పెట్టె ముందు భాగాన ఆనించింది.

టక్.

చిన్న చప్పుడు. సభలో అది ఇద్దరికే వినిపించింది. కోదండరాంకు, ధన్యకు. ధన్య చేతిలోని పూలగుత్తి కిందికి వాలింది.

కోదండరాం దగ్గరికి వెళ్ళి ఒక ఆకు ఎత్తి చూశాడు. వెనక నల్లగా, చొక్కా బొత్తామంత అయస్కాంతం. ప్రతి ఆకు వెనకా ఒకటి.

“ఏందిది?” అన్నాడు.

“మన ఫ్రిజ్జుదే. పూజనాడు దీనికి పెట్టింది కూడా ఇదే” అంది ఆవిడ, పెళ్ళికూతురి రహస్యం చెప్పినట్టు నవ్వుతూ. “పొడి లేదు, పొగ లేదు, తడి లేదు. మళ్ళా పూజ కాంగానే తీసేసినా. మీకు చెప్తే ఎగతాళి చేస్తారని చెప్పలా.”

“యాడ పెట్టినావు?”

“వెనకాల, గోడ పక్క. మీ కంట పడకుండా. ధన్య పక్క గదిలో సుండల్ తింటా ఉండాది అప్పుడు.”

సోమవారం మధ్యాహ్నం నుంచి మంగళవారం దాకా. రెండో పలక లోపల ఉండగానే.

మొదటి పలకప్పుడు లేదు గనక చారలొచ్చాయి. రెండో పలకలో చారలు ఎందుకు లేవు? అవి అలలు గనక కావచ్చు. లేదా ఈ బొత్తాలు కవచాన్ని పాడుచేసి, ఒక్కో కణాన్నీ ఒక్కో పక్కకు లాగి, ఉన్న చారలను చెరిపేసి ఉండొచ్చు. ఏది నిజమో ఆ పలక చెప్పదు. ఇంకో పలక చెప్పగలదు. ఇంకో పలక లేదు. సోడియంలో జీవం లేదు. ఇంకో నిశ్శబ్దం రావాలంటే ఏడాది, అప్పటికి కింద సొరంగం.

అప్పుడే వెంకట్రామ్ మైకులో అంటున్నాడు, “ఇప్పుడు మా బావ, మాటల మాంత్రికుడు, రెండు మాటలు మాట్లాడతాడు. పొట్టలు పట్టుకోండి!”

ఆయన నోరు తెరవకముందే జనం నవ్వడం మొదలెట్టారు.

కోదండరాం మైకు ముందు నిలబడ్డాడు. భార్య వైపు చూడలేదు. ఆచారం, అపచారం, గ్రహచారం, అన్నీ ఎప్పటిలాగే నాలుక చివర వరస కట్టి నిలబడ్డాయి. జీవితంలో మొదటిసారి ఒక్కదాన్నీ బయటికి రానివ్వలేదు. అందరికీ తెలియాలని తమిళంలో, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

“రెండో పలకలో చారలు లేవు. ఎందుకు లేవో మాకు తెలియదు. ఆ పలక లోపల ఉన్నప్పుడు పెట్టె మీద అయస్కాంతాలున్నాయి. ఈ మామిడాకుల వెనక ఉన్నవే. చారలు పోవడానికి ఇవే కారణం కావచ్చు. కాబట్టి మేం దేన్నీ రుజువు చెయ్యలేదు.”

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ క్షణంలో ఆయనకు ఆశ పుట్టింది.

తరువాత ముందు వరసలోంచి ఒక కిసుక్కు. ఆపైన హాలంతా గొల్లుమంది. ప్రపంచస్థాయి పరిశోధనను ఫ్రిజ్జు తోరణం చెడగొట్టిందట! ఒక టీవీ కుర్రాడు కెమెరా కదలకుండా పట్టుకోలేక అవస్థ పడ్డాడు.

“ఇది జోకు కాదు” అన్నాడు కోదండరాం.

నవ్వు రెట్టింపైంది.

“నిజంగా చెప్తున్నాను. దయచేసి రాసుకోండి.”

చప్పట్లు. వెంకట్రామ్ కళ్ళు తుడుచుకుంటూ వచ్చి వాటేసుకుని మైకు లాక్కున్నాడు. ధన్య తండ్రి కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే నవ్వకపోతే బాగుండదని నవ్వాడు.

సభ అయ్యాక నడవాలో వెంకట్రామ్‌ను పట్టుకున్నాడు. ఈసారి బావకు అర్థమైంది. ఎంతైనా చదివింది ఫిజిక్సే. ముఖం మాడి, మళ్ళీ గల్లాపెట్టె ముఖమైంది.

“తోరణం పెట్టింది ఎవరు చూసినారు బావా? నా చెల్లెలు. ఆమేమన్నా పేపరు దిద్దే రెఫరీనా?”

“నేను చూసినా.”

“నువ్వు చూసింది ఈ రోజు. ఆ రోజు చూడలా. చూడందాన్ని గురించి మాట్లాడకూడదని నీ సైన్సే చెప్తాది కదా. పేపరు పంపిస్తాం.”

“నా పేరు తీసెయ్.”

“తీసేస్తా. ఒకందుకు మంచిదే. నీ పేరు చూస్తే వాళ్ళు కూడా నవ్వుతారేమో.”

బావ శ్లేష వెయ్యలేదు, విసురు వెయ్యలేదు. ఉన్నదే అన్నాడు.

ల్యాబులోకి తిరిగొచ్చేసరికి ధన్య ఒక్కతే ఉంది. తండ్రిని గేటు దగ్గర కూచోబెట్టి వచ్చిందట. ట్రేలోని రోజా పూలు చెత్తబుట్టలో పోసి, ట్రే తుడిచి, మళ్ళీ గుమ్మం దగ్గర పెట్టింది. ఆయన వైపు చూడకుండా అడిగింది.

“సార్. మైకులో చెప్పింది జోక్ దానే? జోకే కదా?”

ఆ పిల్లకు తెలుసు. ఆ ‘టక్’ విన్న రెండో మనిషి అదే. తెలిసి అడుగుతోంది. ఆయన ‘అవునమ్మా, జోకే’ అంటే చాలు, డిసెంబరులో థీసిస్, తండ్రి ఇస్త్రీ చొక్కాకు ఇంకో సభ. జీవితమంతా వద్దన్నా జోకులు వేసినవాడిని, ఒక్క జోకు బిచ్చమడుగుతోంది.

“కాదమ్మా” అన్నాడు.

ధన్య తల ఊపింది. చాలాసేపు ఊపింది.

“ల్యాబులో తినకూడదని రూలు సార్. అందుకే పక్క గదికి పోయినా. ఈడనే కూచుని తిని ఉంటే చూసి ఉంటా. రూల్ ఫాలో చేసినా సార్ నేను.”

“తప్పు నీది కాదు. ఆమె నన్నడిగింది, ఏం పడదు దానికి అని. ఒక్క మాట చెప్పుంటే సరిపోయేది. చెప్పలా.”

“ఏం చెప్పినారు?”

కోదండరాం తల దించుకున్నాడు. ఏం చెప్పాడో ఇప్పుడు మళ్ళీ చెబితే, ఎంత దిక్కుమాలిన సంగతంటే, అది నిజంగానే నవ్వు పుట్టిస్తుంది.

“నా పేరు కూడా తీసేయమని డైరెక్టర్ సార్‌కు మెయిల్ పెట్టేస్తా” అంది ధన్య. “థీసిస్ ఎట్లా రాసేది సార్, ఆ పలక తప్ప ఇంకేం లేదు. డిసెంబరు పోతే పోనీ. కానీ అప్పాకు ఈ రోజు చెప్పను. బస్సులో మనలి దాకా సంతోషంగా వస్తాడు. రానీ.”

సంచి భుజాన వేసుకుంది. గుమ్మం దగ్గర ట్రేలోంచి, ఇందాకటిదాకా పూల కింద ఉన్న తన ఫోను తీసుకుంది. అందరూ జేబుల్లో పెట్టుకుని వచ్చిన ఆ సాయంత్రం కూడా ఆ పిల్ల ఒక్కతే ఫోను బయట పెట్టింది.

పేపరు ఆగిపోయింది. పని చేసిన ఇద్దరూ పేర్లు వద్దన్నాక పంపడానికి వెంకట్రామ్‌కు కూడా ధైర్యం చాలలేదు. కానీ వార్త ఆగలేదు. సభ జరిగిన మరునాడు పొద్దునే పత్రికలో వచ్చింది. పెట్టె, తోరణం, మైకు ముందు కోదండరాం. పక్కన గీతల డబ్బా కట్టి ఆయన మాటలన్నీ పొల్లుపోకుండా వేశారు. పైన శీర్షిక, ‘సభను నవ్వుల్లో ముంచిన శాస్త్రవేత్త’.

అలివేలుమంగ వంటింట్లో నిలబడి ఆ డబ్బాను రెండుసార్లు చదివింది. కత్తెర తెచ్చి బొమ్మ చుట్టూ సూటిగా, కొలిచినట్టు కత్తిరించింది. ఫ్రిజ్జు దగ్గరికి నడిచి ఆగింది. రాత్రి తెచ్చి మళ్ళీ తగిలించిన తోరణంలో ఒక ఆకును తిప్పి, వెనకనున్న నల్ల బొత్తాన్ని బొటనవేలితో తడిమింది.

“ఏమండీ.”

“ఊఁ.”

“నిన్న మీరు చెప్పింది జోకా?”

కోదండరాం కాఫీ గ్లాసు దించాడు. కిటికీ అవతల హార్బరు వైపు పోయే లారీలకు నేల అదురుతోంది. గ్లాసులో కాఫీ మీద సన్నగా, గుండ్రంగా, ఒకదాని వెనక ఒకటి అలలు. నిన్న ఒక పిల్లకు నిజం బాకీ ఉన్నాడు, ఇచ్చాడు. ఈవిడకు కూడా ఉన్నాడు. కానీ ఆ అడిగే ముఖం చూస్తే ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

“జోకే అలివేలూ” అన్నాడు. “నేనెప్పుడు నిజం చెప్పినా గనక?”

ఆవిడ కత్తిరించిన బొమ్మను ఫ్రిజ్జు తలుపు మీద పెట్టి, పైన ఆకును ఆనించింది. టక్ మంది. ఆయన వైపు తిరగలేదు.

“జోకయితే నవ్వు రావాల కదండీ” అంది.